మూడో పేరు

...అయినా గ్లవ్స్ సంగతి మిలార్డ్ తనంతట తాను ఎందుకు ఎత్తాడు? నేను అడగలేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడమే మా ఇద్దరి మధ్యా ఒప్పందం. నోటితో ఎప్పుడూ అనుకోలేదు కాబట్టి అది ఎప్పుడూ చెడలేదు. ప్రతి గురువారం పొద్దున డొలోరిస్ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాం. వాడు కొలాచీలు, అదే ప్లమ్ జామ్ పెట్టిన మెత్తటి బన్నులు, రెండు తింటాడు, నేను గుడ్లు తింటాను. వాడు తన పని గురించి విసుక్కుంటాడు, నేను వింటాను. తర్వాత, ఇదిగో ఇప్పుడు కూర్చున్నట్టే, కారులో ఏసీ వేసుకుని కూర్చుని, వాడి విసుగులోంచి నాకు కావలసింది ఏరుకుంటాను. లోకమంతా బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. నేను రాళ్ళలో బియ్యం ఏరుతాను.

ఈ రోజు ఏరాల్సిన పని లేకపోయింది. బియ్యం కడిగి, ఎసట్లో పోసి మరీ ఇచ్చాడు.

"ఆ లండ్‌స్ట్రమ్ గాడు నా ప్రాణం తీస్తున్నాడురా," అన్నాడు కాఫీలో పంచదార కలుపుతూ. "నెల తిరక్కుండానే గ్లవ్స్ అరగ్గొట్టాడు. కొత్త జత ఇవ్వమని కోచ్ చీటీ పంపాడు. విట్‌లాక్‌కి, ఒకాఫోర్‌కి, వీడికి. మ్యాచ్‌కి వేసుకునేవి."

మూడు పేర్లు. ఒక్కో పేరుకీ ఒక్కో వేలు మడిచాడు. మూడో వేలు మడిచాక నా మొహంలోకి చూశాడు. నేను చూపు కలిపేసరికి కిటికీలోంచి బయట ధాన్యం లారీని చూస్తున్నాడు.

మిలార్డ్ సోబోట్కా ఎప్పుడూ పేర్లు చెప్పడు. వెల్డన్ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు సామాన్ల గదికి ముప్పై ఏళ్ళుగా వాడే అధిపతి. స్టేడియం కింద నేలమాళిగలో హెల్మెట్లు, బూట్లు, ఉతికిన జెర్సీల మధ్య బతుకుతాడు. వాడి విసుగులకి మనుషులుండరు, వస్తువులే ఉంటాయి. "పదిహేనో నంబరు బూట్లు ఈ దేశంలో ఎవడు కుడతాడురా?" అని ఒక ఆగస్టులో అన్నాడు. జట్టులో అంత పాదం ఒక్కడికే ఉంది. వాడు అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్నవాడు. మొదటి ఆటలో వాడే దిగుతాడని రాశాను, వాడే దిగాడు. ఇంకో ఏడు, "భుజాల కవచాలు రోజుకి రెండు పగులుతున్నాయి, అతికే జిగురు చాలట్లేదు," అన్నాడు. ఆ ఏడు జట్టు బంతి చంకలో ఇరికించుకుని మనుషుల మీదుగా దూసుకుపోయే ఆట ఆడుతుందని రాశాను. అలాగే ఆడింది.

ఆగస్టు చివరి శుక్రవారం మా ఊరి పత్రికలో నా కాలమ్ వస్తుంది. మర్నాడు మొదటి ఆట. మొదటి బంతికి ఎవరు మైదానంలో ఉంటారు, విసిరిన బంతిని పట్టుకునే రిసీవర్లు ఎవరు, జట్టు పరిగెత్తుతుందా విసురుతుందా, అన్నీ ముందే చెప్తాను. మంగలి షాపులో అద్దానికి అంటిస్తారు. చర్చిలో పాస్టర్ ప్రార్థన ముందు దాని మీద ఒక జోకు వేస్తాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క పేరు తప్పింది, అదీ ఆ కుర్రాడు శుక్రవారం సాయంత్రం గడ్డి బండి మీంచి పడి మెడ కింద ఎముక విరగ్గొట్టుకున్నందుకు. నాకు పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఈ ఊళ్ళో వెండెల్ ఫ్రీసెన్ అంటే ఎవరని అడిగితే ఆ కాలమే చూపిస్తారు.

"ఏం నాయనా, ఈసారి కూడా దేవుడు చెవిలో చెప్పేశాడా?" అంది డొలోరిస్ పొద్దున బిల్లు పెడుతూ.

"ఇంకా లైన్ కలవలేదు."

"తొందరగా కలుపుకో. తప్పావంటే ఆ గోడ మీద నీ ఫోటో తీసి మా అల్లుడిది పెడతా. వాడు కూడా ఏమీ పని చెయ్యడు."

మిలార్డ్ నవ్వాడు. కానీ అది ఆలస్యంగా వచ్చిన నవ్వు. ఎవరో చెప్పాక గుర్తొచ్చినట్టు.

ఇప్పుడు కారులో ఆ నవ్వునే తిప్పి తిప్పి చూస్తున్నాను. మూడు దారులు కనబడుతున్నాయి. ఒకటి, ముసలితనం. మనిషి నోరు సడలుతుంది. రెండు, నాకు చెప్పమని వాడికెవరో చెప్పారు. మూడోదాని దగ్గర కాసేపు ఆగాల్సి వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా నేను వాడి విసుగుని దొంగిలించి పత్రికలో పెట్టుకుంటున్నానని వాడికి తెలిసిపోయింది. ఇప్పుడు దొంగ చేతికే తాళం ఇచ్చి, ఏం చేస్తాడో చూస్తున్నాడు.

ఒకడు తన అలసటని నీ ముందు దింపుకుంటే దాన్ని మోసుకెళ్ళి అమ్ముకునేవాణ్ణి ఏమంటారు? ఈ ప్రశ్న నన్ను నేను ఎప్పుడూ అడుక్కోలేదు. మిలార్డ్ కళ్ళలో అది ఉన్నట్టు అనిపించబట్టి ఇప్పుడు అడుక్కుంటున్నాను. ఎదుటివాడు అనుమానిస్తున్నాడేమో అన్న అనుమానంతో గానీ మనం మన లోపలికి చూసుకోం.

తొమ్మిదిన్నరకి ప్రాక్టీసు మైదానానికి వెళ్ళాను.

జనవరిలో టెక్సస్ నుంచి వచ్చిన కొత్త కోచ్ హాలరన్ మొట్టమొదట చేసిన పని మైదానం చుట్టూ ఆకుపచ్చ టార్పాలిన్ కట్టించడం. రెండోది, ఏప్రిల్లో, ఎవరిదో మోకాలు వాచిన సంగతి తన బావమరిదితో అన్నందుకు కట్లు కట్టే మనిషిని పనిలోంచి తీసెయ్యడం. పదకొండేళ్ళ ఉద్యోగం పదకొండు నిమిషాల్లో పోయింది. అప్పట్నుంచి ఆ భవనంలో అందరూ వాతావరణం గురించే మాట్లాడుకుంటున్నారు.

విలేకర్లకి పదిహేను నిమిషాలు. తాడు ఇవతల నిలబడి కుర్రాళ్ళు ఒళ్ళు సాగదీసుకోవడం చూడొచ్చు, అంతే. తర్వాత ఈల వేసి మమ్మల్ని కోళ్ళని తోలినట్టు తోలేస్తారు. నేను మొహాలు చూడను. మొహాలకి శిక్షణ ఇచ్చి ఉంటారు. చేతులు చూస్తాను. రిసీవర్లు ఏడుగురు. ఒకడు ఊతకర్రల మీద ఉన్నాడు. లండ్‌స్ట్రమ్ మొదటి వరసలో, మంచులా తెల్లని గ్లవ్స్‌తో ఉన్నాడు. పాతవి అరిగితే కొత్తవి ఇమ్మని చీటీ వచ్చిందన్నాడు మిలార్డ్, కాబట్టి తెల్లగానే ఉండాలి. సరిపోయింది. ఆ సరిపోవడమే నచ్చలేదు. అబద్ధాలే సాధారణంగా అంత బాగా సరిపోతాయి.

చివరి వరసలో, కంచెకి దగ్గరగా, మేహ్యూ అనే సన్నటి కుర్రాడు కాలు చాచుకుని కూర్చున్నాడు. వాడి గ్లవ్స్ అరచేతులు బూడిదరంగుకి తిరిగి, వేళ్ళ దగ్గర తోలు పొరలు లేచి ఉన్నాయి. చూశాను. చూసి పక్కన పెట్టాను. అప్పటికి నా బుర్ర నిండా లండ్‌స్ట్రమ్ తెల్ల చేతులే ఉన్నాయి.

అప్పుడే కోచ్ నా దగ్గరికి నడుచుకుంటూ వచ్చాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి.

"మిస్టర్ ఫ్రీసెన్, సర్. ఎండగా ఉంది, నీళ్ళు తాగారా?"

"తాగాను, కోచ్."

"మీ కాలమ్ గురించి ఊరంతా చెప్తున్నారు. రేపు పొద్దున్నే చదువుతాను. నాకంటే మీకే ఎక్కువ తెలుసంటగా."

"ఊళ్ళో వాళ్ళు పెద్ద నోటివాళ్ళు."

"అవునండీ," అన్నాడు, చాలా మర్యాదగా. "ఎవరెవరి నోరు ఎంతో నాకూ తెలుసుకోవాలనే ఉంది."

ఈల పడింది. మమ్మల్ని తోలేశారు.

మైదానం వెనక సెయింట్ వెన్సెస్లాస్ చర్చి శ్మశానం ఉంది. అక్కడ హ్రూబీ కుటుంబం వాళ్ళ సమాధి రాయి నడుమెత్తు ఉంటుంది, ఆనుకోడానికి బాగుంటుంది. టార్పాలిన్ కళ్ళకే అడ్డం, చెవులకి కాదు. పరిగెత్తే ఆట అయితే ఈల పడగానే పచ్చి కట్టె మీద గొడ్డలి పడ్డట్టు కవచాలు ఢీకొంటాయి. విసిరే ఆటలో ఈల తర్వాత నిశ్శబ్దం ఉంటుంది. ఒకటి, రెండు, మూడు. తర్వాత దూరంగా ఎక్కడో ఒక కేక, లేదా ఒక బూతు. నలభై ఈలలు లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిది నిశ్శబ్దాలు. ఆ ముందు మంగళవారం ఇరవై ఏడు.

రోటరీ క్లబ్బు విందులో హాలరన్, "మీ నాన్నలు చూసిన ఆటే ఆడిస్తాను, బంతి నేల మీదే ఉంటుంది," అన్నప్పుడు ముసలి రైతులు లేచి చప్పట్లు కొట్టారు. మా హెల్మెట్ మీద బొమ్మ నాగలి, మా జట్టు పేరు ప్లౌమెన్. గాల్లోకి విసరడం అంటే ఈ ఊరికి కొంచెం దుబారా, కొంచెం పాపం. వాళ్ళ మొహం మీదే అబద్ధం చెప్పాడు. శనివారం బంతి రోజంతా ఆకాశంలోనే ఉంటుంది. ఇది ఎవరూ నాకు చెప్పలేదు, చచ్చిపోయిన హ్రూబీలు తప్ప.

అంతవరకు కాలమ్ మనసులో రాసేసుకున్నాను. విసిరే ఆట, ముగ్గురు రిసీవర్లు. విట్‌లాక్, ఒకాఫోర్ గురించి గుడ్డివాడు కూడా చెప్తాడు. మిగిలింది మూడోవాడు.

మధ్యాహ్నం కాలేజీ భోజనశాలకి వెళ్ళాను. గురువారం అక్కడ చిల్లీ అనే మాంసం చిక్కుళ్ళ కూర, దాంతో దాల్చినచెక్క రొట్టె. వడ్డించే అర్లీన్‌కి నేను చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసినవాళ్ళకి గరిటె నిండా వేస్తుంది.

"తిను, తిను. ఎముకల మీద చొక్కా ఆరేసినట్టున్నావు," అంది. "రేపు రాత్రి స్టార్టర్ల బల్లకి నేనే కదా కార్డులు రాయాల్సింది. కోచ్ పంపిన పేర్లు రాసీ రాసీ చెయ్యి పడిపోయింది. ఆ గేన్స్‌ని చివర కూర్చోబెట్టాను. వాడు నలుగురి తిండి తింటాడు, పక్కవాడికి మిగలనివ్వడు."

చెంచా నోటిదాకా వచ్చి ఆగింది. మొదటి ఆట ముందు రోజు, మైదానంలో మొదట దిగేవాళ్ళకి వేరే బల్ల, వేరే మాంసం. ఈ ఆచారం కోచ్‌లు మారినా మారలేదు. "గేన్స్ ఆ బల్ల దగ్గరా?"

అర్లీన్ గరిటె దించింది. అటూ ఇటూ చూసింది. "నేనేమన్నాను? నేనేమీ అనలేదు. రొట్టె గురించి మాట్లాడాను."

"రొట్టె బాగుంది."

"చూశావా. అదే అన్నాను."

గేన్స్ రిసీవరే. మూడో రిసీవర్ లండ్‌స్ట్రమ్ అయితే గేన్స్‌కి ఆ బల్ల దగ్గర చోటు లేదు. అంటే మిలార్డ్ నాకు అబద్ధం చెప్పాడు. ఆ మాట మనసులో అనుకోగానే ఒక రకమైన తృప్తి కలిగింది, పంటి నొప్పిని నాలుకతో నొక్కినట్టు. చూశావా, నేను అనుకున్నాను కదా. మనిషిని అనుమానించడంలో ఉన్న సుఖం ఇదే. నిజమైతే మన తెలివి, కాకపోతే మన జాగ్రత్త. రెండు వైపులా మనదే గెలుపు, ఎదుటివాడొక్కడే పోతాడు.

పార్కింగులో డెన్నీ క్విస్ట్ కారు తలుపు తీసుకుని కూర్చుని గొంతు సవరించుకుంటున్నాడు. రేడియోలో మా ఆటలు చెప్పేది వాడే. మైక్ లేకపోయినా మైక్ ఉన్నట్టే మాట్లాడతాడు. ఒళ్ళో ఒక కాగితం. కళ్ళు మూసుకుని పేర్లు వల్లిస్తున్నాడు.

"విట్‌లాక్! ఒకాఫోర్! ప్రాట్! ప్రాట్ పట్టుకున్నాడు! అమ్మో, ప్రాట్!"

"ప్రాట్ ఏం పట్టుకున్నాడు డెన్నీ, జలుబా?"

వాడు ఉలిక్కిపడి కాగితాన్ని తొడ కింద పెట్టుకున్నాడు. "పిల్లిలా వస్తావేంటయ్యా! ఇది నువ్వు వినలేదు. కోచ్ ఆఫీసు నుంచి పొద్దున్నే వచ్చింది, పేర్లు నోరు తిరగాలని. నాకు ఒక్కడికే ఇచ్చారట."

"నీకు ఒక్కడికేనా?"

"ఒట్టు. అలాగే అన్నారు," అన్నాడు, గర్వంగా.

కారులోకి వచ్చి కూర్చున్నాను. హోటలు కాగితపు రుమాలు తీసి మూడు పేర్లు రాశాను. మిలార్డ్ చెప్పింది లండ్‌స్ట్రమ్. అర్లీన్ చెప్పింది గేన్స్. డెన్నీ చెప్పింది ప్రాట్. ముందు, ఎవరు పొరబడ్డారా అని చూశాను. తర్వాత, ఎవరు అబద్ధమాడారా అని. మూడోసారి చూసినప్పుడు పేర్లు కాదు, వాటి పొందిక కనిపించింది. మొదటి రెండు పేర్లు ఎవరు చెప్పినా అవే. మూడోది మాత్రం మనిషికొకటి. పొరపాట్లు ఇంత పద్ధతిగా జరగవు.

మా ఊరి బయట కార్ల్ యాంట్సెన్ అనే రైతు గిడ్డంగిలోంచి ఒక ఏడు గోధుమలు పోతూ వచ్చాయి. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. అంకెలు అచ్చేసిన చిన్న చిన్న కాగితం ముక్కలు తెప్పించి గోధుమల్లో కలిపాడు, ఒక్కో గిడ్డంగికి ఒక్కో అంకె. నెల తిరిగేసరికి పక్క ఊరి ధాన్యం కొట్టులో తూకం వేసేవాడి జల్లెడలో ఆయన అంకె తేలింది. దొంగ దొరికాడు. ఇక్కడి రైతులందరికీ తెలిసిన పని అది. టెక్సస్‌లోనూ గోధుమలు పండుతాయి.

హాలరన్ ఒక్కో మనిషిలో ఒక్కో కాగితం ముక్క కలిపాడు. జల్లెడ నా కాలమ్. రేపు పొద్దున అందులో లండ్‌స్ట్రమ్ తేలితే మిలార్డ్ పోతాడు. గేన్స్ తేలితే అర్లీన్. ప్రాట్ తేలితే డెన్నీ. "రేపు పొద్దున్నే చదువుతాను" అని అందుకే అన్నాడు.

భయం కంటే ముందు ఇంకొకటి వచ్చింది, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఏడుగురు రిసీవర్లు. ఇద్దరు ఖాయం. ముగ్గురు ఎర. ఎరగా వాడినవాణ్ణి ఎవడూ నిజంగా దింపడు, దింపితే ఉచ్చు పని చెయ్యదు. ఒకడు ఊతకర్రల మీద. మిగిలింది ఒక్కడు. చివరి వరసలో కంచె పక్కన, గ్లవ్స్ తోలు లేచిపోయేలా నెలంతా బంతులు పట్టి, ఎవరి కంటా పడకూడదని వెనక కూర్చోబెట్టిన మేహ్యూ. ఒక్క మనిషి నోట్లోంచీ రాకుండా, అబద్ధాల మధ్య ఖాళీలోంచి ఊడిపడ్డ నిజం. ఇరవై రెండేళ్ళలో నాకు ఇంత స్వచ్ఛంగా ఏదీ తెలియలేదు.

మూడు గంటలకి స్టేడియం కింద నేలమాళిగకి దిగాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. హెచ్చరించడానికి అనుకున్నాను. మెట్ల మీద, కాదు, వాడి మొహం చూడటానికి అనిపించింది. ఎర అని తెలిసే నాకు వేశాడా, తెలియకుండా వాడే మింగాడా?

సామాన్ల గదికి ఒక కిటికీ ఉంది, బ్యాంకు కిటికీలా. దాని వెనక మిలార్డ్ తువ్వాళ్ళు మడత పెడుతున్నాడు.

"ఏంట్రా ఇక్కడ?"

"దారిలో ఆగాను."

"ఇది ఏ దారిలోనూ లేదు. శవపేటికవాళ్ళకి కూడా ఇది దూరం."

నవ్వాను. వాడి చేతులు చూశాను. మడత పెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడత పెడుతున్నాడు. వాడి వెనక కోచ్‌ల ఆఫీసుకి వెళ్ళే తలుపు జానెడు తెరిచి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. ఎవరైనా ఉన్నారో లేదో తెలియలేదు.

"రాసేశావా?" అన్నాడు.

ఇరవై రెండేళ్ళలో వాడు ఆ మాట ఎప్పుడూ అడగలేదు.

"ఒక్క పేరు మిగిలింది."

"ఎవరు రాస్తున్నావ్?"

"ఎందుకు?"

"ఊరికే." తువ్వాలు మళ్ళీ విప్పాడు. తర్వాత, అవసరమైనదాని కంటే కొంచెం గట్టిగా, "ఇన్నేళ్ళలో నేను నీకు ఒక్క ముక్కైనా చెప్పానా వెండెల్? జట్టు గురించి ఎప్పుడైనా మాట్లాడుకున్నామా మనం?" అన్నాడు.

ఆ మాట ఎవరి కోసం? తలుపు వెనక ఉన్నవాడి కోసం అన్నాడా? నా కోసమా? బతిమాలుతున్నాడా, బెదిరిస్తున్నాడా? లేక నిజంగానే అలా నమ్ముతున్నాడా? ఇరవై రెండేళ్ళు ఒక స్నేహితుడితో పొద్దున్నే కాఫీ తాగాననీ, బూట్ల గురించి విసుక్కున్నాననీ, అంతకు మించి ఏమీ జరగలేదనీ? ఆఖరిది అన్నిటికంటే భరించరానిదిగా అనిపించింది. వాడు దొంగ అయితే మేమిద్దరం దొంగలం. వాడు కాకపోతే నేనొక్కణ్ణే.

"లేదు," అన్నాను. "నువ్వెప్పుడూ ఏమీ చెప్పలేదు."

"అదీ," అన్నాడు. అరల కింద వంగి, నూనె మరక పడ్డ కాగితం సంచీ తీసి కిటికీలోంచి తోశాడు. "ఇంద. పొద్దున గుడ్లు సగం వదిలేశావు. రెండు కొలాచీలు తెచ్చా."

సంచీ తీసుకున్నాను. ఇదేమిటి, లంచమా, క్షమాపణా, ఉత్త కొలాచీయా? మెట్లెక్కుతూ దాన్ని కూడా అనుమానించాను. బయట ఎండలో తెరిచి చూశాను. ప్లమ్ జామ్. వాడికి ఇష్టమైనవి. నాకు గసగసాలవి ఇష్టమని వాడికి తెలియదు. ఇరవై రెండేళ్ళు ఎదురుగా కూర్చుని కూడా తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. నేను వాడికి ఏమీ చెప్పలేదు, ఎప్పుడూ, ఏదీ. వినడమే చేశాను.

ఆఫీసులో ఫ్యాను చప్పుడు. కాలమ్ పైభాగం అరగంటలో అయిపోయింది. ప్లౌమెన్ ఈసారి బంతిని గాల్లోకి విసురుతారని రాశాను. ఎలా తెలిసిందో కూడా రాశాను: శ్మశానంలో నిలబడి నిశ్శబ్దాలు లెక్కపెట్టానని, మంగళవారం ఎన్ని, గురువారం ఎన్ని అని. ఎప్పుడూ అలా చెప్పలేదు. ఎలా తెలుస్తుందో చెప్పకపోవడమే ఇన్నాళ్ళూ నా గొప్పతనం. తర్వాత విట్‌లాక్, ఒకాఫోర్. తర్వాత, వేళ్ళు వాటంతట అవే కొట్టాయి: మేహ్యూ.

బాగుంది ఆ పేరు అక్కడ. శనివారం మొదటి బంతికి వాడు కంచె పక్కనుంచి లేచి వచ్చి మైదానంలో నిలబడతాడు. పదిహేను వేలమంది ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నా పేరు అంటారు. డొలోరిస్ ఫోటో తియ్యదు. ఏ జాబితాలోనూ లేని పేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాదు.

కాదా? మనసులో హాలరన్ కుర్చీలో కూర్చుని చూశాను. మూడు ఉచ్చులు పెట్టాడు. మూడూ ఖాళీ. కానీ నాలుగోది, ఎవరికీ చెప్పనిది, పత్రికలో ఉంది. అప్పుడు వాడేమనుకుంటాడు? చేతి తొడుగులు ఎవరివి ఎంత అరిగాయో రోజూ చూసేది ఎవరు అనుకుంటాడు. ఆ భవనంలో అది చూసేది మిలార్డ్ ఒక్కడే. నేను తాడు ఇవతల నుంచి చూశానని రాసినా నమ్మడు. నేనైతే నమ్మను. హాలరన్ కూడా నాలాంటివాడే, అందుకే వాడు నాకింత బాగా అర్థమవుతున్నాడు.

కావాలని తప్పు పేరు రాద్దామా? ఏ తప్పు పేరు? మిగిలిన మూడూ ఒక్కో మనిషి మెడకి కట్టి ఉన్నాయి. ఊతకర్రల కుర్రాడి పేరు రాస్తే ఆ కుర్రాణ్ణి వెక్కిరించినట్టు.

మిలార్డ్‌కి తెలుసో తెలియదో, ఆ తలుపు వెనక ఎవరున్నారో, పొద్దున మూడో వేలు మడిచాక నా వైపు ఎందుకు చూశాడో నాకు ఇంకా తెలియదు. ఎప్పటికీ తెలియకపోవచ్చు. గురువారాలు ఇంకా ఉంటే ఆ బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని ప్రతి వారం అదే ఆలోచిస్తానేమో. అయినా వాడి ఉద్యోగం వాడి మంచితనం మీద ఆధారపడి లేదు. నేను ఏ పేరు అచ్చు వేస్తానో దాని మీద ఉంది.

"వెండెల్ గారూ, నాలుగు అయింది," అంది ఎడిటర్ కెండ్రా గుమ్మంలోంచి. "పేజీ మీ కోసమే ఆపాను. మూడోవాడు ఎవరండీ? నాకు ఒక్కదానికే చెప్పండి, మా నాన్నతో పందెం ఉంది."

"ఒక్క నిమిషం."

"మీకు తెలియనిదా ఏంటి!"

కాగితం సంచీ మీద నూనె మరక కొంచెం పెద్దదైంది. అందులోంచి ఒక కొలాచీ తీసి కొరికాను. ప్లమ్ జామ్ చాలా తియ్యగా, నాకు నచ్చనంత తియ్యగా ఉంది. వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని, మేహ్యూ పేరుని ఒక్కో అక్షరం వెనక్కి చెరిపేసి, ఆ ఖాళీలో టైపు చేశాను: మూడోవాడెవరో నాకు తెలియదు.